షిల్లాంగ్‌లో రెండు వందల రూపాయల సాయంత్రం

నవంబరు నెలలో నేను, నా శ్రీమతి, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి విశాఖపట్నం నుంచి షిల్లాంగ్ వెళ్లి వచ్చాము. మేఘాలయ జలపాతాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాయదలచుకున్నది మా దగ్గర 5,600 రూపాయలు తీసుకుని ఒక లాడ్జి పెట్టిన కష్టం గురించి, మనిషికి 200 రూపాయలు మాత్రమే తీసుకుని ఐదుగురు పిల్లలు వినిపించిన సంగీతం గురించి.

కోల్‌కతాలో విమానం మారి గువహాటి చేరేదాకా ప్రయాణం సాఫీగా సాగింది. అక్కడి నుంచి షిల్లాంగ్ సుమారు 100 కిలోమీటర్లు. షేర్ సుమోలో మనిషికి 400 చొప్పున 1,200 రూపాయలు ఇచ్చాము. జోరాబాట్ దగ్గర లారీల మధ్య అరగంటసేపు ఆగిపోయినప్పుడు డ్రైవరు తన ఫోనులో ఒక పాట పెట్టాడు. గిటార్ల హోరులో ఏదో పల్లెవాద్యం తీగ సన్నగా, తెగకుండా వినిపిస్తోంది. మా అమ్మాయి గిటారు నేర్చుకుంటోంది కాబట్టి ఆ వాద్యమేమిటని ముందుకు వంగి అడిగింది. అది దుయితారా అని, ఆ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేది తన మేనల్లుడేనని, శనివారం సాయంత్రం షిల్లాంగ్‌లోని లైతుమ్‌ఖ్రా అనే పేటలో ఒక కెఫేలో వాళ్ల కచేరీ ఉందని అతను హిందీలో చెప్పాడు. షిల్లాంగ్ ప్రాంతపు గిరిజనులైన ఖాసీలలో ఇంటిపేరు తల్లి నుంచి వస్తుంది, పెద్దల ఆస్తి చిన్న కూతురికి చెందుతుంది, మేనమామ మాటకు ఇంట్లో ఎంతో విలువ ఉంటుంది. మేనమామ లేనిదే శుభకార్యం జరగని ఇళ్లలో పుట్టిన మాకు ఆ డ్రైవరు గొంతులోని మురిపెం వెంటనే తెలిసిపోయింది.

షిల్లాంగ్ నడిబొడ్డున ఉన్న పోలీస్ బజార్‌లో మేము ముందుగా మాట్లాడుకున్న లాడ్జికి రాత్రికి 2,800 చొప్పున రెండు రాత్రుల డబ్బు ఇంటి దగ్గర నుంచే కట్టేశాము. ఫొటోలో కొండవైపు తెరుచుకునే పెద్ద కిటికీ ఉంది; మాకు ఇచ్చిన గదిలో కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ చేతికి తగులుతోంది. రగ్గులు తేమగా ఉండి ముక్కిన వాసన వేస్తున్నాయి. గీజరు పనిచేయడం లేదని చెప్పడానికి వెళితే, వేడినీళ్లు బకెట్‌కు 50 రూపాయలన్నారు. రాత్రి చలికి అందరం స్వెట్టర్లతోనే పడుకున్నాము. నా శ్రీమతి ఒక్క మాట కూడా అనలేదు. ఆమె కోపంగా ఉన్నప్పుడే అలా మౌనంగా ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. తెల్లవారాక రెండో రాత్రి సొమ్ము తిరిగి ఇవ్వమని అడిగాను. కౌంటరులోని మనిషి ఫోను మీద నుంచి తల ఎత్తకుండానే, కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వడం తమ పద్ధతి కాదన్నాడు. సామాను తీసుకుని బయటకు వచ్చేశాము. షిల్లాంగ్‌లో గది తీసుకునేవారు ఒక్క రాత్రికి మించి ముందుగా కట్టకూడదు. గదిలోకి వెళ్లి గీజరు వేసి, నీళ్లు వేడెక్కాయో లేదో చేత్తో చూసిన తరువాతే మిగతా సొమ్ము ఇవ్వాలి.

లైతుమ్‌ఖ్రాలో ఒక పెద్దావిడ నడుపుతున్న హోమ్‌స్టేలో, ఉదయం పలహారంతో కలిపి రోజుకు 2,200 రూపాయలకు గది దొరికింది. ఆవిడ మమ్మల్ని బొగ్గుల కుంపటి పక్కన కూర్చోబెట్టి క్వాయ్ ఇచ్చారు. పచ్చి వక్క, సున్నం రాసిన తమలపాకు కలిపి నమిలితే రెండు నిమిషాల్లో చెవులు వేడెక్కి నుదుట చెమట పట్టింది. తాంబూలంతో అతిథిని గౌరవించడం మనకు తెలిసిన మర్యాదే కాబట్టి నా శ్రీమతి ముఖంలో ముందురోజు నుంచి లేని వెలుగు కనిపించింది. మధ్యాహ్నం అన్నంలోకి తుంగ్‌తాప్ అనే ఎండుచేపల పచ్చడి వేసుకుని, ఆమె మళ్లీ అడిగి తిన్నది. భోజనం మనిషికి 120 రూపాయలు.

షిల్లాంగ్‌కు రాక్ సంగీతం కొత్తేమీ కాదు. లూ మాజా అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ పుట్టినరోజును పాటలతో జరుపుతున్నాడు. 2003లో మొదలైన సోల్‌మేట్ బృందం ఇక్కడి బ్లూస్ సంగీతాన్ని దేశమంతా వినిపించింది. అయితే మేము విన్న పిల్లలకు ఇంకా ఏ సంగీత కంపెనీతోనూ ఒప్పందం లేదు. వేరే ఊళ్లో అదే పేరుతో మరో బృందం ఉందని తెలిసి వారు పేరు మార్చుకునే పనిలో ఉన్నారు కాబట్టి, ఇప్పటి పేరు ఇక్కడ రాయడం లేదు.

కెఫే మేడమీద 60 మందికి మించి చోటు లేదు. సాయంత్రం ఆరింటికల్లా మొదలుపెట్టారు. డ్రమ్స్, బేస్, గిటారు, దుయితారా వాయించే నలుగురు అబ్బాయిలు, పాడే అమ్మాయి. మూడో పాట మధ్యలో దుయితారా తీగ తెగింది. నాలుగు తీగల వాద్యం అది. చెక్కిన కొయ్య బుర్రకు తోలు బిగించి ఉంటుంది. ఆ అబ్బాయి నేలమీద కూర్చుని, జేబులోంచి కొత్త తీగ తీసి, కొసను పళ్లతో బిగించి పట్టుకుని బిరడాను తిప్పుతూ, కొయ్యకు చెవి ఆనించి శ్రుతి చూసుకుంటున్నంతసేపూ డ్రమ్స్ ఆగలేదు, జనం చప్పట్లతో తాళం వదలలేదు. శ్రుతి కలిసిన క్షణంలో ఆ అమ్మాయి పాటను ఆపిన పదం దగ్గరే అందుకుంది. నాకు ఒళ్లు జలదరించింది.

తరువాతి పాట చనిపోయిన అమ్మమ్మ గురించి. చనిపోయినవారు దేవుడి ఇంట క్వాయ్ నములుతూ ఉంటారని ఖాసీలు అంటారట. పక్కన కూర్చున్న విద్యార్థి మాకు అర్థం చెప్పాడు. పొద్దున కుంపటి దగ్గర ఆ వక్క నమిలిన నా శ్రీమతి కళ్లు తుడుచుకుంది. ఆమెకు రాక్ సంగీతమంటే అంతవరకూ చెవులు మూసుకునేంత అయిష్టం.

కచేరీ అయ్యాక డ్రైవరు మేనల్లుడు మాతో మాట్లాడాడు. ప్రవేశ రుసుము వల్ల 12,000 వస్తే అందులో సగం కెఫేకు పోతుంది, స్పీకర్ల అద్దె 1,500, టాక్సీకి 500. మిగిలినది ఐదుగురూ పంచుకుంటే తలా 800 రూపాయలు. ఒక కంపెనీ వారు ఖాసీ మాని హిందీలో పాడితే చూద్దామన్నారని, అమ్మమ్మ మీద కట్టిన పాటను అమ్మమ్మకు రాని భాషలో ఎలా పాడతామని అతను అడిగాడు. ఆరు పాటలున్న పెన్‌డ్రైవ్‌ను 300 రూపాయలకు అమ్ముతుంటే రెండు కొన్నాము. పెద్ద పెద్ద సంగీతోత్సవాలకు వేల రూపాయలు పెట్టేవారు ఒక్క సాయంత్రమైనా ఇలాంటి చిన్న కెఫేలో గడపాలని గట్టిగా చెబుతాను. చేతిలో నగదు ఉంచుకోవాలి, శనివారమే వెళ్లాలి. ఆదివారం ఊళ్లో దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, జనమంతా చర్చిలో ఉంటారు. మేము ఆ రోజు హోమ్‌స్టేలోనే గడిపాము.

సోమవారం అదే సుమోలో తిరిగి బయలుదేరాము. బడాపానీ చెరువు దాటుతుండగా డ్రైవరు పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని అమ్మమ్మ పాట పెట్టాడు. మా అమ్మాయి పల్లవిని వెంట పాడుతుంటే, తప్పు పలికిన పదం దగ్గర అతను పాటను వెనక్కి జరిపి రెండుసార్లు సరిచేశాడు. నొంగ్‌పోలో టీ తాగి మళ్లీ బండి ఎక్కాక మా అమ్మాయి ఆ పదాన్ని సరిగ్గా పలికింది.