పదకొండేళ్ల వాడకంలో కాంబినేషన్ స్క్వేరు, మూలమట్టం

కాకినాడలో తలుపులు, కిటికీలు చేసే నా వడ్రంగి పనిలో 12 అంగుళాల కాంబినేషన్ స్క్వేరునూ, కర్రపిడి ఉన్న 6 అంగుళాల మూలమట్టాన్నీ పదకొండేళ్లుగా వాడుతున్నాను. కాంబినేషన్ స్క్వేరులో తల అనే దిమ్మెలో స్కేలు గాడి వెంట జరుగుతుంది కనుక 90, 45 డిగ్రీల గీతలతో పాటు బెజ్జం లోతు కొలవడానికీ, చెక్క అంచుకు సమాంతరంగా గీత లాగడానికీ అదొక్కటే సరిపోతుంది.

అయితే ఏ మూలమట్టాన్నీ పరీక్షించకుండా నమ్మకూడదని నేను నష్టపోయాకే తెలుసుకున్నాను. తొలి ఏడాది ఒక టేకు ద్వారబంధానికి కుసులు (బెజ్జంలో దూరే కొసలు) గీసి కోసి బిగించాక నిలువుకమ్మి పైకొస 7 మిల్లీమీటర్లు పక్కకు పోయింది. మూలమట్టంలో 300 మిల్లీమీటర్లకు ఒక్క మిల్లీమీటరు తేడా ఉంటే 2100 మిల్లీమీటర్ల ఎత్తులో అంతే అవుతుంది. అప్పటి నుంచి నెలకోసారీ, చేయి జారి కింద పడిన ప్రతిసారీ, తిన్నని అంచున్న ప్లైవుడ్ ముక్కమీద ఒక గీత గీసి, పనిముట్టును అటువైపు తిప్పి అదే చుక్క నుంచి మరో గీత గీస్తాను. రెండు గీతలూ ఒకటైతే మూల సరిగా ఉన్నట్టు. విడిపోతే కనిపించే ఎడం అసలు తప్పుకు రెట్టింపు.

గీతను పెన్సిలుతో కాక కత్తిమొనతో గీయడం నాకు అలవాటు. పెన్సిలు ములుకు అరిగేకొద్దీ గీత లావెక్కుతుంది. కత్తి మాత్రం టేకు నారను సన్నగా తెంపి, ఉలి అంచు కుదురుకునే గాడిని మిగులుస్తుంది. ఈ పనికి కదిలే భాగం లేని చిన్న మూలమట్టమే నాకు ఇష్టం. కాంబినేషన్ స్క్వేరులో ఆరో ఏట రంపపు పొట్టు గాడిలో పేరుకుని స్కేలు ఊగసాగింది. బ్రష్షుతో శుభ్రం చేసి, ఒక చుక్క మిషను నూనె వేశాక కుదురుకుంది. సముద్రపు గాలికి అంకెలు నల్లబడ్డాయి. తలలోని రసమట్టం మరీ చిన్నది, దానిమీద నేను ఆధారపడను.

వాలు కోణాలకు, కావలసిన కోణంలో మరతో బిగించుకునే బెవెల్ గేజ్ వాడతాను. మర బిగించేటప్పుడు అది కాస్త జరుగుతుంది కాబట్టి బిగించాక మళ్లీ సరిచూడాలి. పెద్ద చట్రాలకు ఇవేవీ చాలవు; మూల నుంచి ఒకవైపు 3, మరోవైపు 4 అడుగులు కొలిస్తే ఆ రెండు కొసల మధ్య 5 అడుగులు రావాలన్న లెక్కతో మూల కుదిర్చి, రెండు కర్ణాలూ సమానమో లేదో టేపుతో చూస్తాను.

ఇటీవల మా అబ్బాయికి మూలమట్టం కొనేటప్పుడు దుకాణంలోనే తిప్పి గీసి చూసి, మూడింటిని పక్కన పెట్టి నాలుగోది తెచ్చాను.