ప్రాంతీయ కళాసంస్థకు ఏ గ్రాంటు మేలు: ప్రాజెక్టుకా, నిర్వహణకా, మ్యాచింగా, భవనానికా?

రాజధానికి దూరంగా ఒక నాటక సమాజమో, సంగీత పాఠశాలో, బొమ్మలాట బృందమో ఉందనుకోండి. దానికి ప్రభుత్వ సొమ్ము ముఖ్యంగా నాలుగు దారుల్లో వస్తుంది. ఫలానా ఉత్సవానికి, ఫలానా నాటకానికి అని ఇచ్చేది ప్రాజెక్టు గ్రాంటు. సంస్థ నడవడానికి కొన్నేళ్లపాటు ఇచ్చేది నిర్వహణ గ్రాంటు. మీరొక రూపాయి తెస్తే మేమొక రూపాయి కలుపుతాం అనేది మ్యాచింగ్ గ్రాంటు. హాలు కట్టుకోవడానికి ఇచ్చేది భవన గ్రాంటు. నాలుగూ సాయమే. కానీ పెద్ద నగరంలోని సంస్థకు పనికొచ్చేది దూరపు ఊరి సంస్థకూ అలాగే పనికొస్తుందనుకుంటే పొరపాటు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ప్రాంతీయ సంస్థకు నిర్వహణ గ్రాంటే మేలు, మొత్తం చిన్నదైనా సరే. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఒక సంస్థకు ఏడాదికి అద్దె, కరెంటు, ఒక గుమాస్తా జీతం, ఆడిట్ ఫీజు, వాద్యాల మరమ్మతు, అన్నీ కలిపి 50 రూపాయలు అవుతాయనుకుందాం. ప్రదర్శన ఉన్నా లేకున్నా ఈ 50 తప్పదు. ఇప్పుడు ఒక్కొక్కటి 40 రూపాయల చొప్పున మూడు ప్రాజెక్టు గ్రాంట్లు వచ్చాయి. చేతికి 120 వచ్చినట్టు కనిపిస్తుంది. అయితే సంస్థ ఖర్చుల కింద ఒక్కో గ్రాంటులో పదోవంతు మించి చూపకూడదని నిబంధన ఉంటే, మూడింటి మీదా 12 రూపాయలే మిగులుతాయి. ఇంకా 38 లోటు. అది పూడాలంటే ఏడాదికి పన్నెండు పదమూడు ప్రాజెక్టులు చేయాలి. అన్ని ప్రాజెక్టులు చేయడానికి ఇంకో ఇద్దరు మనుషులు కావాలి, అప్పుడు ఆ 50 కాస్తా 80 అవుతుంది. చిన్న సంస్థలు ఏడాదంతా ఊపిరాడనంత పని చేస్తూ కూడా అప్పుల్లోనే ఎందుకుంటాయని అడిగేవాళ్లకు ఇదే జవాబు. నిర్వాహకులకు చేతకాక కాదు, లెక్కే అలా ఉంది.

మరి ప్రభుత్వాలకు ప్రాజెక్టు గ్రాంటంటే ఎందుకంత ఇష్టం? చూపించుకోవడానికి వీలుగా ఉంటుంది. ప్రారంభం ఉంది, ముగింపు ఉంది, ఫొటో ఉంది, ప్రేక్షకుల సంఖ్య ఉంది. గుమాస్తా జీతానికి ఇచ్చిన సొమ్ముకు ఫొటో ఉండదు. పైగా చాలాచోట్ల డబ్బు విడతలుగా వస్తుంది, చివరి విడత లెక్కలు ఒప్పజెప్పాక గానీ రాదు. అంటే ముందు మన జేబులోంచి ఖర్చు పెట్టాలి. నిల్వ సొమ్ము ఉన్న పెద్ద సంస్థకు అదో విషయం కాదు, చిన్న సంస్థలో మాత్రం ఆ భారం ఎవరో ఒకరి ఇంటి మీద పడుతుంది. ఇచ్చిన మాట నిలబడుతుందన్న హామీ కూడా లేదు. 2025 మే నెలలో అమెరికాలో కళలకు ప్రభుత్వ సొమ్ము పంచే నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ అనే సంస్థ అప్పటికే ఖరారు చేసిన గ్రాంట్లను పెద్ద సంఖ్యలో ఈమెయిళ్ల ద్వారా వెనక్కి తీసుకుంది. వాటిని నమ్ముకుని పనులు మొదలుపెట్టిన చిన్న బృందాల పరిస్థితి ఊహించుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ప్రాజెక్టు గ్రాంటుకు సాటి లేదు. కొత్తవాళ్లకు అది తలుపు తీస్తుంది. నిన్న పుట్టిన బృందానికి ఎవరూ మూడేళ్ల భరోసా ఇవ్వరు, ఇవ్వాలని అడగడం కూడా సబబు కాదు. ఒక పని చేసి చూపించి, లెక్కలు సరిగ్గా ఒప్పజెప్పి నమ్మకం సంపాదించుకోవడానికి అదే దారి.

నిర్వహణ గ్రాంటు ఏం చేయగలదో చెప్పడానికి నేనెప్పుడూ ఫ్రాన్స్ వైపే చూస్తాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడ నాటకమంటే పారిస్‌దే. సంస్కృతి మంత్రిత్వ శాఖ ఇంకా పుట్టలేదు, అది 1959లో వచ్చింది. అంతకు ముందే విద్యాశాఖలో పనిచేసిన జాన్ లోరాన్ అనే అధికారిణి 1946 నుంచి 1952 మధ్య పారిస్ బయట ఐదు జాతీయ నాటక కేంద్రాలు ఏర్పడేలా చూసింది. వాటిలో ఒకటి 1947లో బొగ్గు గనుల పట్టణం సెంట్ ఎతియెన్‌లో జాన్ దాస్తే నడిపిన బృందం. ఆమె డబ్బు ఇచ్చింది ఒక నాటకానికి కాదు, ఒక బృందం ఒక చోట స్థిరపడి చుట్టుపక్కల ఊళ్లు తిరగడానికి. దాస్తే 1970 దాకా అక్కడే ఉన్నాడు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. ఒకే ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తే నాటకం చూసే అలవాటున్న తరం ఒకటి తయారవుతుంది. మూడు నెలల ప్రాజెక్టుకు ఆ పని సాధ్యం కాదు.

దీనికి ఆర్థికశాస్త్రంలోనూ కారణం ఉంది. కారు తయారీకి పట్టే మనిషి శ్రమ ఏటా తగ్గుతుంది. కానీ నలుగురు కలిసి అరగంట వాయించే సంగీతానికి రెండు వందల ఏళ్ల కింద ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అంతే. మిగతా రంగాల్లో జీతాలు పెరిగితే కళలోనూ పెంచాల్సిందే, కానీ ఉత్పత్తి పెరగదు. విలియం బౌమల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1966లో ఈ మాట విడమర్చి చెప్పారు. అంటే కళాసంస్థకు వచ్చే లోటు ఒక ఏడాది ముచ్చట కాదు, ఏటా ఉండేది. ఏటా ఉండే లోటుకు ఒకసారి ఇచ్చే సాయం మందు కాలేదు.

అలాగని నిర్వహణ గ్రాంటులో లోపాలు లేవనను. మొదటిది, ఒకసారి జాబితాలో చేరినవాళ్లు కదలరు. పేరు మోసిన పాత సంస్థ పని తగ్గినా వాటా తగ్గదు, బయటున్న కొత్తవాళ్లకు ఖాళీ దొరకదు. రెండోది, మూడేళ్లూ ఒకే మొత్తం ఇస్తే ధరలు పెరిగేకొద్దీ అది కరిగిపోతుంది. మూడోది ఇంకా పెద్దది: దాని మీదే బతకడం అలవాటైన సంస్థకు ఒక్క నిర్ణయంతో ఊపిరి ఆగిపోతుంది. అందుకే గడువుకు కనీసం ఏడాది ముందే కొనసాగింపో కాదో తేల్చిచెప్పాలన్న షరతు ఇచ్చేవాళ్ల మీద ఉండాలి. తీసుకునేవాళ్లకు పెట్టే షరతులు పేజీలకు పేజీలుంటాయి గానీ, ఇచ్చేవాళ్లకు పెట్టేవి అరుదు.

మ్యాచింగ్ గ్రాంటు వినడానికి న్యాయంగా ఉంటుంది. మీ ఊరివాళ్లకు మీ కళ కావాలనిపిస్తే వాళ్లే కొంత ఇస్తారు కదా అంటారు. అమెరికాలో 1965లో ఏర్పడిన పైన చెప్పిన ఎండోమెంట్ మామూలుగా సంస్థలకు పెట్టే షరతు ఒకటికి ఒకటి: వాళ్లిచ్చే ప్రతి డాలరుకూ ఫెడరల్ ప్రభుత్వం కాని మరోచోటి నుంచి ఒక డాలరు చూపించాలి. పెద్ద కంపెనీల కార్యాలయాలు, సంపన్న దాతలు ఉన్న నగరంలో అది నాలుగు ఫోన్‌కాల్స్‌తో అయిపోయే పని. దూరపు పట్టణంలో దాతలంటే నలుగురు వ్యాపారులు, వాళ్ల దగ్గరికే బడీ వస్తుంది, ఆసుపత్రీ వస్తుంది. ఒకే నిబంధన ఇద్దరికీ పెడితే డబ్బున్న చోటికే ఇంకా డబ్బు పోతుంది. ఆ షరతులో ఒక మంచి వెసులుబాటు కూడా ఉంది: బయటివాళ్లు ఇచ్చిన స్థలం, సామాను, స్వచ్ఛంద శ్రమ విలువ కట్టి మ్యాచింగ్‌లో చూపించుకోవచ్చు. చిన్న ఊళ్లలో నగదు తక్కువైనా శ్రమదానానికి కొదవుండదు కాబట్టి ఇది నిజంగా పనికొచ్చే మాట. మ్యాచింగ్ తప్పదనుకుంటే వాళ్లిచ్చే నాలుగు రూపాయలకు మనం ఒకటి తెస్తే చాలనాలి.

భవన గ్రాంటు గురించి ఎక్కువ చెప్పను, ఉదాహరణలే చాలు. బ్రిటన్‌లో 1994లో నేషనల్ లాటరీ మొదలయ్యాక ఆ సొమ్ముతో కళాభవనాలు చాలా వెలిశాయి. షెఫీల్డ్‌లో పాపులర్ సంగీతానికి కట్టిన జాతీయ కేంద్రం 1999 మార్చిలో తెరుచుకుని 2000 జూన్‌లో మూతపడింది. ఆశించినంతమంది రాలేదు. తర్వాత అది విద్యార్థి సంఘ భవనమైంది. వెస్ట్ బ్రామిచ్‌లో ది పబ్లిక్ అనే కేంద్రం 2008లో తెరిచి 2013లో మూసేశారు. నడిపే ఖర్చుకు హామీ లేని భవనం సంస్థకు ఆస్తి కాదు, అప్పు. సొంత హాలు కావాలన్న కోరిక ఎంత బలమైనదో నాకు తెలుసు. అయినా పదేళ్ల నిర్వహణ ఖర్చు ఎవరిస్తారో కాగితం మీద తేలేదాకా ఒప్పుకోవద్దనే చెబుతాను.

గ్రాంటు రకం ఎంత ముఖ్యమో, దాన్ని ఎక్కడ కూర్చుని పంచుతున్నారన్నదీ అంతే ముఖ్యం. బ్రిటన్‌లో కళలకు ప్రభుత్వ సొమ్ము పంచే ఆర్ట్స్ కౌన్సిల్‌కు పునాది వేసిన ఆర్థికవేత్త కీన్స్ 1945లో రేడియోలో మాట్లాడుతూ ప్రతి ప్రాంతమూ తన కళను తనదైన తీరులో పెంచుకోవాలని ఆశపడ్డాడు. 1946లో రాజశాసనంతో ఏర్పడిన ఆ కౌన్సిల్ 1956 నాటికి తన ప్రాంతీయ కార్యాలయాలను మూసేసింది. 2022 నవంబరులో దాని వారసురాలైన ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ లండన్ నుంచి బయటికి డబ్బు మళ్లించాలన్న మంచి ఉద్దేశంతోనే ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా అనే సంగీత నాటక సంస్థను రాజధాని వదలమంది. అదే విడతలో ఊళ్లు తిరిగి ప్రదర్శనలిచ్చే గ్లైండ్‌బోర్న్, వెల్ష్ నేషనల్ ఒపేరా అనే బృందాల గ్రాంట్లు తగ్గించింది. ఫలితం ఏమిటంటే గ్లైండ్‌బోర్న్ తన యాత్రా ప్రదర్శనలు ఆపేసింది, వెల్ష్ బృందం లివర్‌పూల్ వెళ్లడం మానేసింది. ప్రాంతాలకు మేలు చేద్దామనుకున్న నిర్ణయం ప్రాంతాలకే నష్టం తెచ్చింది. ఆ ఊళ్లలో ఏముందో దూరం నుంచి కనిపించదు.

అమెరికాలో ఈ ఒక్క విషయంలో మంచి ఏర్పాటు ఉంది. ఎండోమెంట్ గ్రాంటు నిధుల్లో 40 శాతం చట్టప్రకారం రాష్ట్రాల్లో గ్రాంట్లు పంచే ప్రభుత్వ కళా సంస్థలకు, కొన్నేసి రాష్ట్రాలకు కలిపి ఉండే అలాంటి ఆరు ప్రాంతీయ సంస్థలకు పోవాలి. వాళ్లు స్థానికంగా పంచుతారు. స్థానికంగా పంచితే మొహమాటాలు, పక్షపాతాలు ఉంటాయన్న మాట నిజమే. కానీ ఎంపిక సంఘంలో సగంమంది ప్రాంతం బయటివాళ్లు ఉంటే, సభ్యులు రెండు మూడేళ్లకు మారుతుంటే అది అదుపులో ఉంటుంది.

కాబట్టి కొత్త సంస్థ అయితే ఒకటి రెండు ప్రాజెక్టు గ్రాంట్లతో మొదలుపెట్టండి, మూడో ఏడుకు నిర్వహణ గ్రాంటు అడగండి. మ్యాచింగ్ గ్రాంటు శ్రమదానాన్ని లెక్కలోకి తీసుకుంటేనే తీసుకోండి. నిర్వహణ గ్రాంటు ఇచ్చే ఏర్పాటే లేని చోట ఉన్నవాళ్లు ప్రాజెక్టు బడ్జెట్లోనే అద్దె, జీతం, ఆడిట్‌లలో ఆ నెలలకు పడే అసలు వాటాను లెక్కగట్టి విడివిడి పద్దులుగా రాయండి. నిబంధన పదోవంతే అంటే, మిగతాది ఎంతో, దాన్ని ఎవరు భరిస్తున్నారో కింద ఒక వాక్యంలో చెప్పండి. తిరస్కరిస్తారేమోనన్న భయంతో ఆ పద్దులు దాచి తక్కువ రాస్తే, ఆ తక్కువ అంకెనే వచ్చే ఏడాది నిబంధన రాసేవాళ్లు ఆధారంగా తీసుకుంటారు.