మూడేళ్లు వాడాక చెప్తున్నా: ప్లికర్స్ అట్టలు

నేను అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. తొమ్మిది, పది తరగతులు. గోడకు పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, ఫోన్‌లో ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షా ఉంది, ఎనిమిదో తరగతికి 2022 డిసెంబర్‌లో ప్రభుత్వం ట్యాబులు ఇచ్చినప్పుడు మా పిల్లలకూ వచ్చాయి. అంటే డిజిటల్ బోధనకు కావలసిన సరంజామా మా దగ్గర తక్కువేం లేదు. కానీ ఇన్నాళ్లకు కూడా వారానికి మూడు నాలుగు సార్లు నేను బీరువాలోంచి తీసేది మాత్రం కాగితం అంటించిన అట్టముక్కల కట్ట.

ప్లికర్స్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక్కో పిల్లకు ఒక నంబరు అట్ట. దాని మీద క్యూఆర్ కోడ్ లాంటి నల్లటి బొమ్మ, నాలుగు అంచుల్లో చిన్న అక్షరాలతో ఏ, బీ, సీ, డీ. ప్రశ్న బోర్డు మీద వేస్తాను, పిల్లలు తమ జవాబు అక్షరం పైకి వచ్చేట్టు అట్ట తిప్పి పట్టుకుంటారు, నేను ఫోన్ కెమెరా అలా ఒకసారి క్లాసంతా తిప్పితే ఎవరు ఏం చెప్పారో నా తెరమీద వచ్చేస్తుంది. 38 మందికి నిమిషం కూడా పట్టదు. పిల్లల చేతిలో ఫోనూ అక్కర్లేదు, ట్యాబూ అక్కర్లేదు. బొమ్మలు ఒక్కో అట్టకు ఒక్కోలా ఉంటాయి కాబట్టి పక్కవాడి అట్ట చూసి కాపీ కొట్టడం కుదరదు. (కుదరదని నేను అనుకున్నాను. ముక్కు గీరితే ఏ, చెవి పట్టుకుంటే బీ అని వెనక బెంచీ వాళ్లు రెండో వారానికే ఏర్పాటు చేసుకున్నారు.)

ఇది ఎందుకు నచ్చిందో చెప్పాలంటే అంతకుముందు నా క్లాసు ఎట్లుండేదో చెప్పాలి. ప్యానెల్ మీద మంచి వీడియో వేసేవాణ్ణి. క్లాసు గమ్మున చూసేది. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని 38 గొంతులు ఒక్కసారిగా. యూనిట్ టెస్టు పేపర్లు దిద్దేటప్పుడు తెలిసేది ఎంత అయిందో. అప్పటికి పాఠం దాటిపోయి పది రోజులు. చెయ్యి ఎత్తి జవాబు చెప్పేది ఎప్పుడూ ఆ నలుగురే, మిగతా 34 మంది తలలో ఏముందో నాకు తెలిసే దారే లేదు.

మొదటి దెబ్బ కాంతి పాఠంలో తగిలింది. కుంభాకార కటకాన్ని సగం నల్ల కాగితంతో మూస్తే ప్రతిబింబం ఏమవుతుంది? పుస్తకంలో ఉన్న ప్రశ్నే, నేను ఏడాదికోసారి చెప్పే పాఠమే. 38 మందిలో 31 మంది "సగం ప్రతిబింబమే వస్తుంది" అన్న జవాబు పట్టుకున్నారు. ఫోన్ నిండా ఎరుపు, అంటే తప్పు జవాబులే. అంతకుముందు రోజే కిరణచిత్రాలు గీసి చూపించాను, అందరూ నోట్సులో నీట్‌గా దించుకున్నారు కూడా.

ఏం చేయాలో తోచక ల్యాబ్ నుంచి కటకం తెచ్చాను. తలుపు మూయించి, కిటికీ బొమ్మ ఎదురు గోడ మీద పడేట్టు పెట్టాను. తలకిందులుగా కిటికీ, చువ్వలు, బయట వేపచెట్టు. సగం కటకానికి అట్ట అడ్డం పెట్టాను. కిటికీ మొత్తం అట్లే ఉంది, వెలుగు మాత్రం తగ్గింది. "మబ్బు పట్టినట్టయింది సార్" అంది ముందు బెంచీ అమ్మాయి. ఆ మాట కంటే బాగా ఆ పాఠం నేను ఎప్పుడూ చెప్పలేదు. మళ్లీ ఓటు పెడితే 33 మంది సరైన జవాబు.

అక్కడితో ఆపితే అబద్ధం చెప్పినట్టే. నెల తర్వాత అదే ప్రశ్న కొంచెం మార్చి, కటకం సగానికి విరిగిపోతే ఏమవుతుంది అని అడిగితే 12 మంది మళ్లీ "సగమే" అన్నారు. అట్టలు తప్పును చూపిస్తాయి, దిద్దవు. ఆ పని మనదే.

ఈ పద్ధతి ఏదో యాప్ కంపెనీ కనిపెట్టిందేం కాదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లోనే క్లాసులో ఇట్లా ప్రశ్న వేసి ఓట్లు తీసుకోవడం, పక్కవాళ్లతో వాదించుకోమనడం, మళ్లీ ఓటు తీసుకోవడం మొదలుపెట్టాడు. పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. ఆయన లెక్క నాకు బాగా పనికొచ్చింది: సరైన జవాబు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే పిల్లల్ని మాట్లాడుకోనివ్వాలి, 30 కంటే తక్కువైతే మనమే మళ్లీ చెప్పాలి, 70 దాటితే కొద్దిగా వివరించి ముందుకు పోవాలి. కటకం ప్రశ్నలో సరిగ్గా చెప్పింది ఏడుగురే కాబట్టి వాదన పెట్టి లాభం లేదు, చూపించాల్సిందే.

వాదన ఎట్లా పని చేస్తుందో కరెంటు పాఠంలో చూశాను. బల్బు దాటిన తర్వాత వైరులో కరెంటు తగ్గుతుందా, అంతే ఉంటుందా? 17 మంది అంతే ఉంటుందన్నారు. మూడు నిమిషాలు మాట్లాడుకోండి అన్నాను. చీనీ (బత్తాయి) తోట ఉన్న ఇంటి పిల్లవాడొకడు లేచి, "మా తోటలో డ్రిప్ పైపు చూడు, మొదటి చెట్టుకు బాగా పడతాది, చివరి చెట్టుకు చుక్కలే. కరెంటూ అంతే" అన్నాడు. నేనైతే ఆ పోలికకు తడుముకునేవాణ్ణి. వెనక నుంచి ఒకమ్మాయి, "డ్రిప్ పైపుకు బొక్కలుంటాయిరా, నీళ్లు బయటికి పోతాయి. వైరుకు బొక్క యాడుంది? బోరు నుంచి తొట్టికొచ్చే పైపు చూడు, ఎన్ని నీళ్లు పోతే అన్నే వస్తాయి." వాడు ఊరుకోలేదు. "అట్లయితే బల్బు ఏం తింటాంది మరి?"

ఆ ప్రశ్న కోసమే తర్వాతి పీరియడ్ మొత్తం ఖర్చు పెట్టాను, శక్తి వేరు, విద్యుత్ ప్రవాహం వేరు అని. రెండో ఓటుకు 17 కాస్తా 29 అయింది. అప్పుడు ప్యానెల్ మీద ఫెట్ సిమ్యులేషన్, అంటే తెరమీద చేసి చూపే ప్రయోగం, వేశాను. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లది, ఉచితం, ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది, తెలుగులో కూడా కొన్ని ఉన్నాయి. బల్బుకు ముందూ వెనకా ఎలక్ట్రాన్ చుక్కలు ఒకే వేగంతో పోతున్నాయి. అదే సిమ్యులేషన్ ఓటుకు ముందు వేసినప్పుడు పిల్లలు రంగులు చూశారు. వాదించుకున్నాక వేస్తే చుక్కలు చూశారు.

ఇక ఇబ్బందులు. ఉచిత ఖాతాలో ఒక ప్రశ్నల సెట్‌లో ఐదు ప్రశ్నలే పెట్టుకోవచ్చు. నాకు అంతకంటే అక్కర్లేదు, రోజూ పరీక్ష పెడదామనుకునేవాళ్లకు చాలదు. ఫోన్ మనదే, డేటా మనదే. కిటికీకి ఎదురుగా నిలబడి స్కాన్ చేస్తే కిటికీ ముందున్న అట్టలు దొరకవు, కాబట్టి కిటికీ వైపు వీపు పెట్టి నిలబడండి. బొమ్మ మీద వేలు పడితే దొరకదు, "సార్, నాది తీసుకునిందా?" అని అడుగుతూనే ఉంటారు. మన్నుతాయని మొదటి అట్టల కట్టకు లామినేషన్ చేయించాను, డబ్బులు దండగ. ట్యూబ్‌లైటు మెరుపుకు సగం అట్టలు కనబడలేదు. తర్వాత మామూలు కాగితం మీద ప్రింట్ తీయించి, ఇంట్లో పేరుకుపోయిన పెళ్లి పత్రికల అట్టలకు ఫెవికాల్‌తో అంటించాను. మూడేళ్లుగా అవే.

నేను చేసిన పెద్ద తప్పు ఇంకొకటి. ఫలితాలు పేర్లతో సహా ప్యానెల్ మీద వేసేవాణ్ణి, పోటీ ఉంటే బాగా చదువుతారని. ఒకబ్బాయి మూడు రోజులు వరసగా ఎరుపు వచ్చాక నాలుగో రోజు అట్ట ఎత్తలేదు. "ఇంట్లో మర్చిపోయినా సార్" అన్నాడు. అట్టలు ఇంటికి పోవు, నా బీరువాలోనే ఉంటాయి. అప్పటి నుంచి ప్యానెల్ మీద ఏ జవాబుకు ఎంతమంది అన్నది మాత్రమే వేస్తాను, పేర్లు నా ఫోన్‌లోనే. వాడు అట్ట మళ్లీ ఎత్తడానికి రెండు వారాలు పట్టింది.

కహూట్ అనే క్విజ్ యాప్, గూగుల్ ఫారమ్స్ కూడా వాడి చూశాను. ఫారమ్స్ ఇంటికి పంపితే మా ఊళ్లో ఫోన్ నాన్నతో బెంగళూరు పనికి పోయి ఉంటుంది. కహూట్‌లో సంగీతం, గడియారం, గోల. పిల్లలకు మహా ఇష్టం, కానీ ముందు నొక్కినవాడికి ఎక్కువ మార్కులంటే ఆలోచించే పిల్ల వెనకబడుతుంది. నెలాఖరు శనివారం సరదాకు సరే.

వాడదామనుకునే టీచర్లకు ఒకటే చెప్తా. సమయమంతా యాప్ నేర్చుకోవడానికి కాదు, తప్పు జవాబులు రాయడానికి పెట్టండి. యాప్ అరగంట పని. పిల్లలు నిజంగా నమ్మే తప్పును బీ దగ్గర పెట్టకపోతే అందరూ ఏ పట్టుకుంటారు, మీకు తెరంతా పచ్చగా కనబడుతుంది, తెలిసేది ఏమీ ఉండదు. నేను పాత పరీక్ష పేపర్లలోంచి పిల్లల సొంత తప్పులు ఏరి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. డ్రిప్ పైపు కూడా అందులో చేరింది, ఈ ఏడు పదో తరగతికి సీ జవాబు అదే.