గ్రోవర్ జాంపా లా రిజర్వ్: వగరు విడేదాకా ఆగండి

నంది కొండల ప్రాంతపు ద్రాక్షకు పేరు తెచ్చిన ఎర్ర వైన్ ఇది. కాబర్నే సావిన్యాన్, షిరాజ్ అనే రెండు ద్రాక్ష రకాలు కలిపి ఫ్రెంచ్ ఓక్ పీపాల్లో మాగబెడతారు. బెంగళూరులో దీన్ని తాగి పెదవి విరిచినవాళ్ళు చాలావరకు వేడి సీసా తాగి ఉంటారు.

ఎర్ర వైన్‌ను ‘గది ఉష్ణోగ్రత’లో తాగాలనేది చలిదేశాల లెక్క. ఏప్రిల్‌లో మన గది 30 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఆల్కహాల్ ఘాటు ముందు ముక్కుకెక్కి, పండు వాసన అణిగిపోతుంది. 16–18 డిగ్రీలు కావాలంటే ఫ్రిజ్‌లో గంటన్నర పడుతుంది. తొందరైతే ఐసు, నీళ్ళు కలిపిన బకెట్‌లో పది నిమిషాలు చాలు. నీళ్ళు లేకుండా ఐసొక్కటే వేస్తే సీసాకు సరిగా తగలదు. మరీ చల్లబడితే వాసనలు ముడుచుకుని వగరు పదునెక్కుతుంది.

మొదటి గుక్క దోరజామకాయ కొరికినట్టే ఉంటుంది. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉన్న టానిన్ అనే వగరు పదార్థం లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసి నోరు పిడచగట్టిస్తుంది. ఉగాది పచ్చడిలో వగరుకి చోటిచ్చిన వాళ్ళం, ఆమాత్రం ఓర్చుకోగలం. గాజు జగ్గులోకి ఒంపి గాలి తగిలేలా నలభై నిమిషాలు వదిలేయండి. అప్పుడొస్తుంది నేరేడు పండు, వెనకాలే లవంగం, చివర్న మిరియం. ఆ మిరియం ఊహ కాదు. మిరియాల్లో ఉండే రోటండోన్ అనే వాసన పదార్థం షిరాజ్‌లోనూ ఉందని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు.

వాసన మెదడులో భావాలు, జ్ఞాపకాలు ఉండే చోటికి దగ్గరదారిన పోతుంది. రెండో గ్లాసు దగ్గర కబుర్లు ఆగిపోయి, ఎవరికి వారు తమ ఊరి నేరేడు చెట్టు కిందికి వెళ్ళిపోయేది అందుకే. స్టీలు గ్లాసులో ఆ సుఖం దక్కదు. మూతి లోపలికి ముడుచుకున్న గాజు గ్లాసులో మూడోవంతే పోయాలి, మిగతా జాగా వాసనది. 125 మి.లీ. చొప్పున సీసాకు ఆరు గ్లాసులు.

పక్కన గోంగూర మాంసం వద్దు, ఆ పులుపు ముందు వైన్ చప్పబడుతుంది. గుంటూరు కారమైతే ఆల్కహాల్ మంటను రెట్టిస్తుంది. కొవ్వున్న ముక్కలతో మిరియాల వేపుడు చేస్తే మాత్రం దీనికి అంతకుమించిన జోడీ లేదు.

కొనేటప్పుడు ట్యూబులైటు కింద నిలబెట్టిన సీసా తీసుకోకండి. కార్కు పైకి లేచినా, రేకు కింద జిగట మరక ఉన్నా ఎండ తిన్న సరుకేమోనని అనుమానించాలి. అలాంటిది ఉడికిన జామ్‌లా ఉంటుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్కు తెగులు. ఎంతసేపు గాలి తగిలినా పోదు, వెనక్కివ్వండి.

మిగిలితే కార్కు బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజులు దాటిందా, ఇక మాంసం కూరలోకే.