వంకర కత్తులకు వేడినీళ్ల వైద్యం: నల్గొండ ఎండల్లో ఎంతవరకు నిలుస్తుంది?

బోర్డు గేముల పెట్టెల్లో వచ్చే చిన్న ప్లాస్టిక్ సైనికుల కత్తులు, బల్లేలు వంకరపోతే వేడినీళ్లలో ముంచి సరిచేయవచ్చనే చిట్కా ఈ ఆటలు ఆడేవాళ్లందరికీ తెలిసిందే. నేను నల్గొండలో కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మా ఆదివారం బృందంలో ఎవరి బొమ్మ వంగినా మా వంటింటికే వస్తుంది. చిట్కా మంచిదే, పైగా పైసా ఖర్చు లేదు. కాకపోతే దాన్ని రాసిపెట్టినవాళ్లలో చాలామంది చలిదేశాలవాళ్లు. కుళాయి తిప్పితే చన్నీళ్లు వస్తాయన్న నమ్మకంతో రాశారు. మే నెలలో మన కుళాయిలో ఏం వస్తుందో వాళ్లకేం తెలుసు!

ముందు బొమ్మ దేనితో చేసిందో చూసుకోవాలి. ఆట పెట్టెల్లో వచ్చే బొమ్మలు ఎక్కువగా పీవీసీవి. గోటితో కత్తి కొనను నొక్కితే వంగి, వదిలితే వెనక్కి వస్తుంది. పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మెత్తదనం కోసం నూనెల్లాంటి పదార్థాలు కలిపి ఉంటే ఇంకా ముందే లొంగుతుంది. కాబట్టి మరిగిన నీళ్లు చాలు. వార్‌హామర్ వంటి ఆటల్లో మనమే అతికించుకునే గట్టి బొమ్మలు పాలిస్టైరీన్‌వి. అవి మెత్తబడాలంటే దాదాపు మరిగే నీళ్ల వేడి కావాలి. గిన్నె దించేసరికి ఆ వేడి పోతుంది, తొందరపడి వంచితే టక్కున విరుగుతాయి. వాటి జోలికి నేను పోను. ఇక త్రీడీ ప్రింటరులో పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో తీసిన బొమ్మలు 60 డిగ్రీలకే నీరసపడతాయి. మరిగే నీళ్లలో వేస్తే సైనికుడు కత్తితో సహా సాష్టాంగపడతాడు.

పని తీరు ఇది. పిడి ఊడిన స్టీలు టీ గిన్నె ఒకటి దీనికే కేటాయించాను. "ఆ గిన్నెలో మళ్లీ టీ పెట్టావంటే ఊరుకోను నాయనా" అని అమ్మ ముందే చెప్పింది. ఆమె మాటే సబబు. ప్లాస్టిక్ ముంచిన గిన్నె తిండికి వాడకూడదు. నీళ్లు మరిగాక స్టవ్వు ఆపి, బొమ్మను పట్టకారుతో దిమ్మె దగ్గర పట్టుకుని, వంగిన భాగం మాత్రమే మునిగేలా తలకిందులుగా దించాలి. సన్నని కత్తికి పదిహేను, ఇరవై సెకన్లు సరిపోతాయి. లావైన కాళ్లకు నిమిషం దాకా పడుతుంది.

అసలు చూడవలసింది ఇక్కడే. కొన్ని కత్తులు మన చేయి పడకుండానే నీళ్లలో మెల్లగా కదిలి, వాటంతట అవే నిటారుగా లేస్తాయి. అచ్చులో నిటారుగానే పుట్టి, ఆ తరువాత పెట్టెలో నలిగి వంగినవి అవి. వేడి తగలగానే అచ్చులోని రూపానికి తిరిగి వెళ్లిపోతాయి. మరికొన్ని ఎంతసేపు ముంచినా అలాగే ఉంటాయి. అచ్చులోంచి వేడిగా ఉండగానే తీసినప్పుడు వంగి, ఆ వంకరతోనే గట్టిపడినవి. మా బృందంలో మొదటిదాన్ని పెట్టె వంకర అని, రెండోదాన్ని పుట్టు వంకర అని అంటాం. పెట్టె వంకర ఒకసారి పోతే మళ్లీ రావడం అరుదు. పుట్టు వంకరను వేళ్లతో దిద్ది చల్లార్చినా, వేసవి వచ్చిందంటే కొద్దికొద్దిగా పాత దారి పడుతుంది. చిట్కా పనిచేయలేదని విసుక్కునేవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది ఈ రెండో రకమే. దాన్ని దిద్దేటప్పుడు నిటారు దగ్గర ఆగకుండా అవతలి వైపుకు ఒక వెంట్రుకవాసి ఎక్కువ వంచి చల్లార్చితే కొంత కాలం ఎక్కువ నిలుస్తుంది.

ఇక చల్లార్చడం. రూపం నిలిచేది ఇక్కడే. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది నల్ల ట్యాంకులోంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లతో బొమ్మను చల్లార్చాలనుకోవడం దండగ. అవి స్నానానికే వేడిగా ఉంటాయి. బొమ్మ పైపైన గట్టిపడినట్టు అనిపిస్తుంది, లోపల మెత్తగానే ఉంటుంది, బల్ల మీద పెట్టిన పది నిమిషాలకు మళ్లీ వాలుతుంది. అందుకే ఒక గిన్నెడు నీళ్లలో ఐసు గడ్డలు వేసి ముందే పక్కన పెట్టుకుంటాను. దిద్దిన కత్తిని వేళ్లతో అలాగే పట్టుకుని వేళ్లతో సహా ఐసు నీళ్లలో ముంచి, నిమిషం పాటు వదలకూడదు. వేళ్లు జివ్వుమంటాయి, ఓర్చుకోవాలి. ఐసు లేకపోతే కుండ నీళ్లు పనికివస్తాయి కానీ పట్టుకునే సమయం పెరుగుతుంది.

మన నీళ్లతో ఇంకో పేచీ ఉంది. ఫ్లోరైడును పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి ప్రపంచం మన ఊరి పేరే పెట్టుకుంది గానీ, మరిగించిన గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరకు ఫ్లోరైడుతో సంబంధం లేదు. అది కాల్షియం, మెగ్నీషియం లవణాల పని. బోరు నీళ్లలో మరీ ఎక్కువ. ఆ తెలుపు నల్లటి బొమ్మ అంగీ మడతల్లో చేరి ఆరిపోతే, రంగు వేసినప్పుడు ఇసుక చల్లినట్టు గరుకుగా కనిపిస్తుంది. నిమ్మరసం పూసి పాత టూత్‌బ్రష్షుతో తోమితే పోతుంది. ఆ శ్రమ ఎందుకని నేను ఇరవై లీటర్ల డబ్బా నీళ్లే వాడుతున్నాను.

రంగులు వేసిన బొమ్మల విషయంలో మాత్రం ఈ పద్ధతికి మార్కులు తగ్గిస్తాను. ఆక్రిలిక్ రంగు నీళ్లకు కరగదు, కానీ వంచిన చోట సన్నగా పగుళ్లిస్తుంది. పైన వార్నిష్ ఉంటే ఒక్కోసారి మసకబారుతుంది. వాటికి హెయిర్ డ్రయర్ మేలు. ఆలస్యమవుతుంది, వేడి ఒకేలా తగలదు, అయినా రంగు దక్కుతుంది. అగ్గిపుల్ల, లైటరు మాట ఎవరైనా ఎత్తితే వినకండి. ముఖం కరిగి ముద్ద కావడం ఒక నష్టమైతే, పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు హాని.

దాచుకునే చోటు గురించి రెండు మాటలు. రేకుల కప్పు కింద, అటక మీద, ఎండలో నిలిపిన కారులో బొమ్మలు ఉంచితే పడిన కష్టమంతా నీళ్లపాలు. మెత్తబడేంత వేడి లేకపోయినా, ఏదో ఒక బరువు వాటి మీద ఉంటే చాలు, రోజుల తరబడి మెల్లగా వంగుతాయి. పెద్ద డ్రాగన్లకు వాటి రెక్కల బరువే శత్రువు. అందుకే మా ఇంట్లో వాటి స్థానం బీరువాలో కింది అర, ఒకదానికొకటి తగలకుండా స్పాంజి ముక్కల మధ్య.

ఇంత చేసినా ఏటా వాలిపోయే సన్నటి బల్లేలు కొన్ని ఉంటాయి. వాటితో పోరాటం మానేశాను. ప్లాస్టిక్ కర్రను పిడికిలికి అటూ ఇటూ కత్తిరించి, చేతి డ్రిల్లుతో పిడికిలిలో సన్నటి రంధ్రం చేసి, తల తీసేసిన గుండుసూదిని దూర్చి, ఒక చుక్క సూపర్ గ్లూ వేస్తే ఏ ఎండకూ వంగదు. ఆడేటప్పుడు వేళ్లకు గుచ్చుకుంటుంది కాబట్టి కొనను ఆకురాయితో కాస్త మొద్దు చేయండి.