ఐరిష్ పూర్వీకుల వేట: రికార్డుల సైట్లు చాలాకాలం వాడాక చెబుతున్న మాట

మా ఆయనది బోస్టన్‌లో స్థిరపడ్డ ఐరిష్ కుటుంబం. ముత్తాత తండ్రి 1850ల్లో కార్క్ కౌంటీ నుంచి వచ్చాడన్నదొక్కటే ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటిపేరు సల్లివన్. కార్క్‌లో సల్లివన్‌ని వెతకడమంటే గోదావరి జిల్లాల్లో సత్యనారాయణని వెతకడమే. కొన్నేళ్లుగా ఆ పని నా నెత్తినే పడింది.

ముందు డబ్బు సంగతి. ముఖ్యమైన రికార్డులు చాలావరకు ఉచితం. 1901, 1911 జనాభా లెక్కలు ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైటులో, 1864 నుంచి మొదలైన జనన మరణాల రిజిస్టర్లు ఐరిష్‌జీనియాలజీ డాట్ ఐఈలో, క్యాథలిక్ చర్చి రిజిస్టర్ల ఫొటోలు నేషనల్ లైబ్రరీ సైటులో ఉన్నాయి. పూర్వీకుల్ని వెతికిపెట్టే ఒక పెద్ద కంపెనీకి చందా కూడా కట్టి చూశాను. అది చూపించిన 'బంధువుల్లో' చాలామంది మాకు ఏమీ కాని సల్లివన్లే. మానేశాను.

1901కి ముందు లెక్కల మీద ఆశ పెట్టుకోకండి. 1821 నుంచి 1851 దాకా ఉన్నవి దాదాపు అన్నీ 1922లో డబ్లిన్‌లో రికార్డుల ఆఫీసు ఉన్న ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల్లో కాలిపోయాయి. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కొరతతో గుజ్జయిపోయాయి. వాటికి బదులు గ్రిఫిత్స్ వాల్యుయేషన్ అని 1847-64 నాటి భూమి పన్ను లెక్క ఒకటుంది. అందులో కౌలుదారు పేరే గానీ పెళ్లాం పిల్లల ఊసుండదు.

అసలు చిక్కు ఊరి దగ్గర. ఐర్లండ్‌లో టౌన్‌లాండ్లే (అక్కడ భూమిని విభజించే అతి చిన్న భాగాలు) 60,000కు పైగా ఉన్నాయి. అమెరికా ఓడల జాబితాల్లో మాత్రం చాలాసార్లు 'ఐర్లండ్' అని రాసి ఊరుకున్నారు. మాకు దారి చూపింది బోస్టన్ పైలట్ పత్రిక. 1831 నుంచి 1921 దాకా అందులో అయినవాళ్ల జాడ కోసం ప్రకటనలు వేశారు. ముత్తాత తండ్రి చెల్లెలు అన్న కోసం వేయించిన నాలుగు లైన్లలో చర్చి పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం), టౌన్‌లాండ్ రెండూ ఉన్నాయి. పారిష్ బేరా ద్వీపకల్పంలోని ఐరీస్. ఆ ప్రకటనలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. అక్కణ్ణించే మొదలుపెట్టండి, ఐర్లండ్ సైట్లు తర్వాత.

చర్చి రిజిస్టర్లు ఓపిక ఉన్నవాళ్లకే. సిరా వెలిసిపోయి ఉంటుంది, చాలాచోట్ల లాటిన్. జేమ్స్ కాస్తా యాకోబస్ అవుతాడు. నేనైతే బాప్టిజం సాక్షుల పేర్లు పట్టుకుంటాను. ఒకే ఇంటి పిల్లలకి మళ్లీ మళ్లీ అవే పేర్లొస్తే మేనమామో, పిన్నో అయ్యుంటారు.

వయసులు మాత్రం నమ్మొద్దు. ఊళ్లోనే ఉండిపోయిన ఒకావిడకి 1901లో 58, 1911లో 71! ఈలోగా 1909 నుంచి డెబ్భై నిండినవాళ్లకి పింఛను మొదలైంది మరి.

ఉచిత సైట్లకి ఐదుకి నాలుగిస్తాను. ఉత్తరాన ఉన్న అల్స్టర్ ప్రాంతపు కుటుంబాలవాళ్లు బెల్‌ఫాస్ట్‌లోని ప్రోని (ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వ రికార్డుల ఆఫీసు) చూసుకోవాలి. అది నేను వాడలేదు, మార్కులు వేయను.