కాకినాడ గాలిలో పెద్ద స్పీకర్లు: డోలు పలికించిన అంచు, ఊడిపోయిన అంచు

సన్నాయి మేళం పక్కన కూర్చుని విన్నవాళ్లకి తెలుసు అది ఎంత పెద్ద శబ్దమో. డోలు మీద దెబ్బ పడితే గుండెల్లో తగులుతుంది. షేక్ చినమౌలానా గారి కచేరీ రికార్డింగు చిన్న స్పీకర్లలో పెడితే రాగం వినపడుతుంది, మేళం మాత్రం ఎక్కడో దూరంగా ఉండిపోతుంది. పోనీ అని సౌండు పెంచితే సన్నాయి గీపెడుతుంది, డోలు చప్పబడిపోతుంది. మా ఇంట్లో ఉన్న పెద్ద బాక్సుల మీద నాకున్న ప్రేమంతా అక్కడే ఉంది. ఎంత పెంచినా అరుస్తున్నట్టుండదు.

అవి పన్నెండంగుళాల ఊఫరున్న పాత అమెరికన్ త్రీవే బాక్సులు, అంటే బేస్‌కి ఊఫర్, మధ్య స్వరాలకీ పై స్వరాలకీ చెరొక చిన్న స్పీకరు ఉన్నవి. మా బావగారు అక్కణ్ణించి వచ్చేస్తూ సామానుతోపాటు తెచ్చుకున్నారు. ఆయన ఫ్లాటులోకి మారాక మా ఇంటికి చేరాయి. (ఆంప్లిఫయర్ తెచ్చుకుంటే 110 వోల్టుల గొడవ ఉంటుంది, స్పీకర్లకి ఆ బాధ లేదు.) వాటి బలం సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 95 డెసిబెల్స్ ఇస్తాయి. ఇప్పుడు దొరికే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు చాలావరకు 87కి అటూ ఇటూ ఉంటాయి. ఎనిమిదే కదా తేడా అనిపిస్తుంది గానీ, ప్రతి 3 డెసిబెల్స్‌కీ వాట్లు రెట్టింపు కావాలి. డోలు దెబ్బ 105కి లేవాలంటే మా బాక్సుకి 10 వాట్లు చాలు, 87 దానికి 60 దాటాలి. ఆ వాట్లలో చాలా భాగం కాయిల్లో (స్పీకరు లోపలి తీగచుట్టలో) వేడిగానే పోతుంది. కాయిల్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగి దెబ్బలో పదును తగ్గుతుంది. అందుకే పెద్ద సౌండు కోసం స్పీకరు కొనేవాళ్లు డబ్బా మీద రాసిన వాట్లు పక్కన పెట్టి ముందు ఈ అంకె చూడమంటాను.

ఇది కొత్త సంగతేం కాదు. 1940ల్లో ఆంప్లిఫయర్లు ఇచ్చేదే కొద్ది వాట్లు, కాబట్టి పాల్ క్లిప్ష్ లాంటి అమెరికన్ స్పీకర్ డిజైనర్లు గరాటులాంటి హారన్లు పెట్టి, ఉన్న కొద్దిపాటి కరెంటునే పెద్ద శబ్దం చేశారు. 1954లో అక్కడే ఎడ్గర్ విల్చర్ అనే ఇంకో డిజైనర్ సీలు చేసిన చిన్న పెట్టెలో లోతైన బేస్ రాబట్టి చూపించాడు. అది నిజంగా గొప్ప పనే, కానీ దానికి వాట్లు ఎక్కువ పోయాలి. ఇళ్లు చిన్నవయ్యేకొద్దీ లోకం ఆ దారే పట్టింది.

ఇక అసలు సంగతి. ఒకసారి ముసురు రోజుల్లో డోలు ఎడమ వైపు దెబ్బ పడినప్పుడల్లా కుడి బాక్సులోంచి గరగరమని వినపడింది. ముందు గుడ్డ తీసి చూస్తే ఊఫర్ కోను (కదిలే కాగితపు గరాటు) చుట్టూ ఉండే ఫోము అంచు సగం మేర ఊడి వేలాడుతోంది. బొటనవేలు ఆనిస్తే తడిసిన బెల్లంలా జిగటగా నల్లగా అంటుకుని ముక్క ఊడొచ్చింది. ఎడమది పైకి బాగానే ఉంది గానీ, కాస్త నొక్కితే అక్కడా చిరుగే. సౌండు ఎక్కువ పెట్టడం వల్ల కాదు ఇది. ఆ ఫోము పాలీయురేథేన్, గాలిలోని తేమకే అది విరిగిపోతుంది. వాడకుండా మూల పెట్టినా అంతే. మా వీధిలోకి సముద్రపు గాలి నేరుగా కొడుతుంది, ఇంక చెప్పేదేముంది.

అంచు పోయిన ఊఫర్‌ని ఇంక మోగించకూడదు. కోను పక్కకి ఒరిగి, కాయిల్ అయస్కాంతానికి రాసుకుని పాడైపోతుంది. అంచు అయితే మార్చుకోవచ్చు, కాయిల్ పోతే రీకోనింగే, అంటే కోను, కాయిల్ అన్నీ కొత్తవి వేయడమే.

మొదట అడిగిన షాపతను పాతవి తీసేసి డీజే బాక్సుల ఊఫర్లు బిగించేద్దామన్నాడు. నాకది నచ్చలేదు. ఆ ఊఫర్లు బిగుతుగా ఉంటాయి, మైదానంలో పెద్దగా మోగడానికి చేసినవి. మా పెట్టె కొలత, దాని ముందున్న గొట్టం, లోపలి క్రాసోవర్ (ఏ స్వరం ఏ స్పీకరుకి వెళ్లాలో పంచే సర్క్యూట్) అన్నీ పాత ఊఫర్‌కి కుదిర్చినవి. వేరేది పెడితే అడుగు బేస్ పోతుంది. తర్వాత ఇంట్లోనే రిపేర్లు చేసే ఒక పెద్దాయన దొరికారు. ఆయన ముందు మల్టీమీటర్ పెట్టారు. 8 ఓముల ఊఫర్‌కి ఆరు చిల్లర చూపించింది, అంటే కాయిల్ బతికే ఉంది. "కోను బంగారమండి, మార్చకండి. పోయింది అంచొక్కటే," అన్నారు.

పన్నెండంగుళాలని చెప్పి అంచు కొంటే సరిపోదు. కోను బయటి కొలత, ఫ్రేము లోపలి కొలత, ఉబ్బు వెడల్పు, మూడూ కలవాలి. కొలతలు తీసి చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించాం. నేను రబ్బరు అంచు వేయించాలనుకున్నాను, మా గాలికి అదే నిలుస్తుంది కదా. ఆయన ఒప్పుకోలేదు: "రబ్బరేస్తే మీకింక దిగుల్లేదండి, కానీ బరువు. డోలు ఇలా పలకదు." ఆలోచిస్తే నిజమే. నేను ఇన్నాళ్లూ మెచ్చుకున్న ఆ సెన్సిటివిటీలో ఈ తేలిక అంచు వాటా కూడా ఉంది. మళ్లీ ఫోమే వేయించాను.

పనంతా పాత జిగురు గోకడంలోనే ఉంది. స్పిరిట్ అద్ది, బ్లేడుతో, కోను కాగితం లేవకుండా ఆయన గోకుతుంటే పూట గడిచిపోయింది. మధ్యలో ఉన్న డస్ట్ క్యాప్ కోసి తీసి, ఎక్స్‌రే ఫిల్మును సన్నటి పేలికలుగా కత్తిరించి కాయిల్ లోపల చుట్టూ దోపారు, కోను నట్టనడుమ నిలవడానికి. కొత్త అంచుని ముందు కోనుకి అతికించి రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు ఫ్రేముకి. పేలికలు తీశాక వేళ్లతో కోనుని సమంగా లోపలికి నొక్కి చెవి ఆనించి విన్నారు. రాపిడి లేదు. రెండోదీ అలాగే. మొదట్లో బేస్ కాస్త బిగుసుకున్నట్టుంది, మోగగా మోగగా వదులైంది.

ఇప్పుడు మళ్లీ అదే మేళం, అదే దెబ్బ. అయితే ఒకటి రెండు మాటలు చెప్పాలి. సెన్సిటివిటీ ఎక్కువ కావడంతో ఆంప్లిఫయర్ హిస్సు కూడా దాగదు, రాత్రి నిశ్శబ్దంలో వినపడుతుంది. అరుపు లేకపోవడంతో ఎంత పెంచామో మనకి తెలియదు, ఫోన్లో కొలిస్తే చాలాసార్లు 94 చూపించింది. అమెరికాలో పనిచోట ఆరోగ్య భద్రత మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్కన ఆ మోతకి రోజుకి ఒక గంటే పరిమితి. నేను ఆ గంటకే కట్టుబడుతున్నాను. రాత్రి పదికి ముందే కట్టేస్తాను.

మాది మూల స్థలంలో సొంత ఇల్లు, చుట్టూ ప్రహరీ ఉంది, మా ఆవిడకీ సన్నాయంటే ఇష్టమే. కాబట్టి నాకు ఇవి సరిపోయాయి. అపార్టుమెంటులో ఉండేవాళ్లకి ఈ మాట చెప్పలేను. అనంతపురం లాంటి పొడి చోట అంచు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. తీరంలో ఉండి రిపేరు బెడద వద్దనుకునేవాళ్లు మడతల గుడ్డ అంచున్న ఊఫర్లు చూసుకోండి, అవి తేమకి ఇలా చీకిపోవు. పాతవి కొంటే ముందు గుడ్డ తీసి అంచు నొక్కి చూడండి. 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం ఆనించి కోను కదులుతోందో లేదో, ప్లస్సుకి ప్లస్సు పెడితే రెండు బాక్సుల్లోనూ ఒకే వైపుకి వస్తోందో చూడండి. ముందుజాగ్రత్త అని ఫోము రింగులు ఇంకో జత కొని బీరువాలో దాచొద్దు, అవి అక్కడే పొడైపోతాయి. ఆ మూడు కొలతలు మాత్రం కాగితం మీద రాసి బాక్సు వెనక అతికించుకోండి.